స్క్రీన్‌పై మన దేశ నంబర్.. కాల్ మాత్రం విదేశాల నుంచి! స్పూఫింగ్‌కు చెక్ ఇలా

కాలర్ ఐడీ స్పూఫింగ్: కాల్ చేసే అసలు నంబర్‌ను దాచేసి, ఫోన్ స్క్రీన్‌పై వేరే నంబర్ కనిపించేలా చేయడాన్నే స్పూఫింగ్ అంటారు. +91తో మొదలయ్యే నంబర్ చూసి నమ్మి ఎత్తితే.. అవతలి నుంచి 'పోలీసులం, మీ పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి' అంటూ బెదిరిస్తారు.

అడ్డుకుంటున్నారిలా: కేంద్ర టెలికాం శాఖ 2024 అక్టోబర్ 22న ప్రత్యేక వ్యవస్థను ప్రారంభించింది. విదేశాల నుంచి మన దేశ నంబర్‌తో కాల్ వస్తే, ఆ నంబర్ నిజంగా రోమింగ్‌లో ఉందో లేదో ఇది చెక్ చేస్తుంది. లేకపోతే కాల్ మన దాకా రాకుండానే బ్లాక్ చేస్తుంది. తొలి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ బ్లాక్ అయ్యాయి.

అయినా ముప్పు పోలేదు: దేశంలోనే సిమ్ బాక్సులు పెట్టి, విదేశీ కాల్స్‌ను లోకల్ కాల్స్‌గా మార్చేస్తున్నారు. అందుకే స్క్రీన్‌పై కనిపించే నంబర్‌ను ఎప్పుడూ రుజువుగా తీసుకోవద్దు.

ఏం చేయాలి?

* బ్యాంకు పేరుతో కాల్ వస్తే కట్ చేసి, కార్డు వెనకున్న నంబర్‌కు మీరే డయల్ చేయండి.
* ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పొద్దు.
* చట్టంలో 'డిజిటల్ అరెస్ట్' అనేదే లేదు. భయపడి డబ్బులు పంపొద్దు.
* అనుమానాస్పద కాల్స్‌పై సంచార్ సాథీలోని 'చక్షు'లో రిపోర్ట్ చేయండి.
* డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బును ఫ్రీజ్ చేసే అవకాశం అంత ఎక్కువ.