గుర్రం వీపు మారుతుంది, జీను మారదు

యుద్ధంలో గుర్రాలు చనిపోయాయంటే తుపాకీ గుండ్ల వల్లే అనుకుంటాం కదా? 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధం చూడండి. బ్రిటిష్ సైన్యం వాడిన గుర్రాల్లో 3 లక్షలకు పైగా చనిపోయాయి. ఎక్కువ చావులు గుండ్ల వల్ల కాదు. తిండి చాలక, విశ్రాంతి లేక, జబ్బు చేసి. వాటికి తోడు వీపు మీద పుండ్లు.

ఈ పుండ్లు ఎందుకొస్తాయి? జీను లోపల గట్టి చట్రం ఉంటుంది. దాని ఆకారం మారదు. గుర్రం వీపు మాత్రం మారుతూనే ఉంటుంది. గుర్రం చిక్కిపోతే జీను కిందికి దిగి, మెడ మొదట్లో ఎత్తుగా ఉండే మూపుని ఒరుస్తుంది. శిక్షణలో ఉన్న కుర్ర గుర్రానికి ఇది రివర్స్. వెన్నెముక 5, 6 ఏళ్లదాకా ఎదుగుతూనే ఉంటుంది, పైగా పనితో కండ పడుతుంది. మొదట్లో సరిపోయిన జీను కొన్ని నెలలకే బిగుతైపోతుంది.

సైన్యానికి ఇది తెలియక కాదు. వాళ్ల పశువైద్యుడు ఫ్రెడరిక్ స్మిత్ 1891లోనే జీనులు, వీపు పుండ్ల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. చివరికి 1912 నమూనా జీనులో, వీపుకి రెండు పక్కలా ఆనే పలకలు ఉక్కు కమానుల దగ్గర కదిలేలా చేశారు. వీపు ఆకారాన్ని బట్టి అవే సర్దుకుంటాయన్నమాట.

ఇప్పటికీ సులువైన పరీక్ష ఒకటుంది. పని అయ్యాక జీను తీసి చూడండి. చెమట తడి మధ్యలో పొడి మచ్చ ఉంటే, అక్కడ ఒత్తిడి పడుతోందేమో అనుమానించాలి. కుర్ర గుర్రానికి జీను ఒకసారి కొని వదిలేసేది కాదండీ, మళ్లీ మళ్లీ సరిచూసుకోవాల్సింది. గుర్రం నోరు తెరిచి చెప్పలేదు కదా!

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.