ప్రదర్శనశాలలో వస్త్రం: నమూనా, వృత్తిపదం – ఒక పరిశీలన

ప్రదర్శనశాలలోని పాత వస్త్రాలను చూసి కొత్త దుస్తులకు రూపకల్పన చేయడం నేడు పరిపాటి అయింది. దీన్ని కేవలం సౌందర్యాన్వేషణగా భావిస్తే, దాని వెనుక ఉన్న వాణిజ్య చరిత్ర మరుగునపడుతుంది.

లండన్‌లోని ఇండియా ఆఫీసులో భారతీయ ఉత్పత్తుల విషయం చూసిన జాన్ ఫోర్బ్స్ వాట్సన్ 1866లో మన వస్త్రాల నుండి కత్తిరించిన 700 నమూనాలను 18 సంపుటాలుగా కూర్చాడు. సిద్ధమైన 20 ప్రతులలో 13 బ్రిటన్‌కు, 7 భారతదేశానికి ఉద్దేశించినవి. ఒక్కొక్క ప్రతినీ ఆయన ఒక పారిశ్రామిక ప్రదర్శనశాలగానే పరిగణించాడు. ఏ వస్త్రాన్ని ఎవరు ఎలా ధరిస్తారో, దాని పొడవు వెడల్పులెంతో, అంచు ఎక్కడ ఉండాలో తెలిస్తే బ్రిటిష్ మిల్లులు ఆ అభిరుచికి తగిన బట్టను తయారుచేసి ఇక్కడే అమ్ముకోగలవన్నది ఆయన ఆలోచన. నమూనాతోపాటు కొలతలు, ఊరిపేరు వంటి వివరాలు చేరాయి గాని, నేతగాని పేరుకు అందులో చోటు లేదు. ఇక్కడ ప్రేరణ పొందినవాడు నేతగానికి పోటీదారు.

రూపాన్ని పనినుండి వేరుచేసే ఈ చూపునకు ఉన్న పరిమితి కలంకారీలో స్పష్టమవుతుంది. అద్దాల వెనుక ఉన్న వస్త్రంలో లతలు, పువ్వులు కనిపిస్తాయి. బట్టను కరక్కాయ, పాల మిశ్రమంలో నానబెట్టడం, ఇనుమునూ బెల్లాన్నీ పులియబెట్టి నలుపును సాధించడం, పటిక పూసినచోట చిరివేరు ఎరుపును నిలపడం కంటికి కనిపించవు. అవి పనివారి చేతిలోనూ మాటలోనూ ఉన్నాయి.

ఆ మాటలను భద్రపరిచే ప్రయత్నం తెలుగులో జరిగింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశంలో రెండో సంపుటం చేనేతకు సంబంధించినది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆరంభించిన ఈ ప్రణాళిక వృత్తిదారుల నోటినుండి పదాలను సేకరించింది. వాట్సన్ సంపుటాలు వస్త్రాన్ని దాచి నేతగాణ్ణి వదిలాయి. పదకోశం నేతగాని మాటను నిలిపింది గాని వస్త్రాన్ని చూపలేదు. ఒకటి లేకుండా మరొకటి అసంపూర్ణం.

కనుక ప్రదర్శనశాలలోని ప్రతి తెలుగు వస్త్రం పక్కన దాని వృత్తిపదాలు కూడా చేరడం అవసరం. అలా చేరినప్పుడు, అక్కడికి వచ్చిన రూపకర్త ఆకృతితోపాటు దాన్ని సృష్టించిన జ్ఞానానికి కూడా ఋణపడి ఉన్నట్టు గుర్తించగలడు. ఆ పదాలను సేకరించి అందించవలసిన బాధ్యత ప్రధానంగా తెలుగు శాఖలదే.