పియర్ 71 (సింగపూరు)

సింగపూరు నౌకాశ్రయమునకును, అంతర్జాతీయ నౌకాయానమునకును ఉపయోగపడు నూతన సాధనములను నిర్మింపబూనిన చిన్న సంస్థలకు ధనమును, మార్గదర్శనమును, అన్నింటికంటె ముఖ్యముగా తమ పరికరమును పరీక్షించి చూచుకొనుటకు ఓడను, రేవును సమకూర్చు వ్యవస్థ పియర్ 71. దీనిని సింగపూరు సముద్ర, నౌకాశ్రయ ప్రాధికార సంస్థయు, సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎన్.యు.ఎస్. ఎంటర్‌ప్రైజ్ విభాగమును కలిసి 2018లో నెలకొల్పినవి. ఆయర్ రాజా పారిశ్రామిక వాడలో కూల్చివేతకు సిద్ధముగా నున్న 71వ నంబరు భవనమును 2011లో అంకుర సంస్థల నివాసముగా మార్చిన ప్రయత్నమునకు ఇది శాఖ వంటిది.

పూర్వరంగము

రోటర్‌డామ్ నుండి వచ్చిన నిహోన్ అను ఓడ 1972 జూన్ 23న తాంజోంగ్ పగార్ రేవున 300 కంటెయినర్లను దింపినది మొదలు, సింగపూరు తన జీవనమును కంటెయినరు వర్తకముతో ముడివేసికొన్నది. 2024లో ఆ నౌకాశ్రయము నిర్వహించిన కంటెయినర్లు, ఇరువది అడుగుల ప్రమాణమున లెక్కించినచో, 4.11 కోట్లు. 2022లో లాంఛనముగా ప్రారంభమైన తువాస్ రేవు, 2040ల దశాబ్దములో సంపూర్ణమైన పిదప, తానొక్కటియే 6.5 కోట్ల కంటెయినర్లను నిర్వహింపగలదు. చాలినంత భూమి లేని ద్వీపమునకు వర్తకము పెరుగుటకు మార్గము సాంకేతికాభివృద్ధియే యని గ్రహించి, 1996లో ఏర్పడిన ప్రాధికార సంస్థ 2003లోనే సముద్ర సంబంధమగు పరిశోధనలకై 10 కోట్ల సింగపూరు డాలర్ల నిధి నొకదానిని స్థాపించినది.

చిన్న సంస్థల ఇక్కట్టు

ఈ రంగమున చిన్న సంస్థకు ధనాభావముకంటె ప్రవేశాభావము గొప్ప విఘ్నము. ఓడ ఒక దినము ఆగినచో యజమానికి అపార నష్టము వాటిల్లును. కనుక యజమాని, బీమా కంపెనీ, ఓడల దృఢత్వమును ధ్రువీకరించు సంఘము, రేవు అధికారి — వీరిలో నెవ్వరును క్రొత్త వస్తువునకు సులభముగా సమ్మతింపరు. పరీక్ష కాని పరికరమును ఓడ యెక్కనీయరు. ఓడ యెక్కనిదే పరీక్ష సాగదు. ప్రయోగశాలలో చక్కగా పనిచేసిన పరికరము ఉప్పుగాలికిని, యంత్రముల కంపనమునకును, నడిసముద్రమున ఉపగ్రహ సంబంధము తెగిపోవుటకును తట్టుకొనునో లేదో యను విషయము తీరమున కూర్చున్నంతకాలము తేలదు.

కార్యవిధానము

ఈ చిక్కును విడదీయుటకు 2017లో ఆరంభమై, పిదప పియర్ 71 నిర్వహణలోనికి వచ్చిన స్మార్ట్ పోర్ట్ ఛాలెంజ్ అను వార్షిక స్పర్ధ ఒక విలక్షణ క్రమము నవలంబించినది. అందు మొదట మాటలాడునది సమస్య గలవాడు: ఓడల కంపెనీలు, రేవు నిర్వాహకులు, ఇంధన వర్తకులు తమ నిత్యవ్యవహారమున నెదురగు లోపములను ప్రకటింతురు; చిన్న సంస్థలు వానికి పరిష్కారములు ప్రతిపాదించును. ఎన్నికయైన సంస్థలు కొన్ని వారములపాటు వాడుకరులతో చర్చించి, వర్తకపు లెక్కలను సరిచూచుకొని, పిమ్మట పరిశ్రమ ప్రముఖుల ముందు తమ ప్రతిపాదనను వినిపించును. కంపెనీ ఏదైనను చేయి కలిపినచో, ప్రయోగ వ్యయమునకై ప్రాధికార సంస్థ గ్రాంటు నొసగును. తొలి సంవత్సరములలో ఇది 50 వేల సింగపూరు డాలర్ల వరకు ఉండెను. ఆ దశను దాటిన వారికై, ప్రభుత్వ పక్షమున సీడ్స్ క్యాపిటల్ అను సంస్థ ప్రైవేటు మదుపుదారులతో కలిసి వాటాధనము పెట్టు ఏర్పాటు కూడ చేయబడినది.

ఓడపై ప్రయోగమునకు అవకాశము దొరికినచో కలుగు ఫలితమునకు డ్రోనులు దృష్టాంతము. లంగరు వేసిన ఓడకు చిన్న విడిభాగమో, మందులో కావలసివచ్చినపుడు ప్రత్యేకముగా పడవను పంపుట చిరకాలాచారము. 2019 మార్చిలో ఎయిర్‌బస్ కంపెనీ మెరీనా సౌత్ రేవు నుండి ఒకటిన్నర కిలోల సరకును డ్రోను ద్వారా ఒకటిన్నర కిలోమీటర్ల దూరమునగల ఓడకు చేర్చినది. మరుసటి సంవత్సరమే ఎఫ్-డ్రోన్స్ అను స్థానిక చిన్న సంస్థ 2.7 కిలోమీటర్ల దూరమున నిలిచిన ఓడకు విటమిను మాత్రలను పంపినది. మహాసంస్థ చూపిన బాటను అంకుర సంస్థ అంత శీఘ్రముగా అందుకొనుటకు, ఆ జలములలో అట్టి ప్రయోగముల ననుమతించుటకు అధికారులు సిద్ధముగా నుండుటయే ప్రధాన కారణము.

శాసనము కల్పించు విపణి

గ్రాంటుకంటె బలవత్తరమైన ప్రోత్సాహము శాసనము. ఓడకు పోసిన ఇంధనమును తొట్టిలో కొలబద్ద దించి లెక్కించు పద్ధతి వివాదములకు తావిచ్చుచుండెను. ఏలయన, గాలి కలిసిన నూనె పరిమాణమున హెచ్చుగా కనబడును. 2017 జనవరి 1 నుండి సింగపూరు, ప్రపంచమున మొదటిసారిగా, ద్రవ్యరాశిని తిన్నగా కొలుచు మీటర్లను నౌకేంధన విషయమున తప్పనిసరి చేసినది. ఆ కొలతల ఆధారముననే 2023లో కాగితము లేని ఇంధన రసీదులు వాడుకలోనికి వచ్చినవి. అట్లే, 2030 నుండి క్రొత్తగా రేవులో తిరుగు పడవలన్నియు సంపూర్ణముగా విద్యుత్తుతో గాని, జీవేంధనముతో గాని, నికర శూన్య ఉద్గార ఇంధనములతో గాని నడువగలవై యుండవలెనను ఆజ్ఞ, పడవల నిర్మాతలకును, బ్యాటరీల తయారీదారులకును ముందుగానే కొనుగోలుదారుని చూపినది.

ఇతర దేశములు, పరిమితులు

రోటర్‌డామ్‌లో 2015లో వెలసిన పోర్ట్‌ఎక్స్ఎల్ ఇట్టి పోషణకు మార్గదర్శి. బ్రిటను 2021లో స్వచ్ఛ నౌకాయానమునకై నడపిన స్పర్ధలో 55 ప్రణాళికలకు 2.3 కోట్ల పౌన్లకు పైగా కేటాయించినది. అందు ఉద్గారముల తగ్గింపే లక్ష్యము కాగా, సింగపూరున ఆయా కంపెనీల సమస్యలే ఆరంభస్థానము. ఏ దేశమునందైనను ప్రయోగము ఫలించుటకును, విక్రయము సాగుటకును నడుమ అగాధము మిగిలియే యున్నది: ఉచితముగా పరీక్షకు ఓడ నిచ్చిన యజమాని, పిదప తన నౌకాశ్రేణికంతకు ఆ వస్తువును కొనునను నియమము లేదు. ఒక యజమాని ఓడపై నెగ్గిన పరికరమును మరియొక యజమాని, ఏ గ్రాంటు నపేక్షింపక, తన సొమ్ముతో కొనునపుడే ఇట్టి పోషణ సార్థకమైనట్లు పరిగణింపవలెను.