ఓంగీల లోకము, మన మాటలు

భవానీపురమున అశుతోష ముఖర్జీ పేరు వహించిన రాజమార్గము మీదుగా కాళీఘట్టమునకు పోవు యాత్రికులలో తెలుగువారు అరుదు కారు. వారిలో కొందరు ఆదిగంగ యొడ్డున పితరులకు పిండప్రదానము చేసి మరలుదురు. మృతుడు ప్రేతత్వమును విడచి పితృత్వమును పొందుటకు బ్రదికియున్నవారి కర్మ అవసరమను విశ్వాసము మనకు అతిపరిచితము. ఈ వీధిలోనే నివసించిన అశుతోషుని పూనికతో 1920లో కలకత్తా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రశాఖ ఏర్పడెను. 1945లో కాశిలో పుట్టిన భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ 1948లో ఈ నగరమునకు తరలివచ్చెను. స్వతంత్ర భారతమున అండమాను తెగలను గూర్చిన పరిశీలనకు కలకత్తా కేంద్రమైనది ఇట్లు.

ఆ తెగలలో చిన్న అండమాను ద్వీపవాసులు ఓంగీలు. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1906 మొదలు 1908 వరకు పరిశోధించి 1922లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథము ప్రధానముగా పెద్ద అండమాను తెగలకు సంబంధించినది. 1950 తరువాతి సంవత్సరములలో సర్వేక్షణ సంస్థ పక్షమున సిప్రియాని ఓంగీల నడుమ పనిచేసెను. 1980 తరువాత విశ్వజిత్ పాండ్యా వారితో కలసి నివసించి, వారి విశ్వభావనను 1993లో గ్రంథముగా వెలువరించెను.

ఓంగీల దృష్టిలో విశ్వము అంతస్తులు గలది. ఆకాశము, నేల, సముద్రము వీని నడుమ గాలితో పాటు సంచరించునవి ‘టోమ్యా’లు. వానికి రూపము లేదు, ఎముకలు లేవు. వాసనను పీల్చుకొనుట వాని స్వభావము. మనుష్యునకు ఎముకలున్నవి; వానియందు వాసన ఘనీభవించి యున్నది. కావున మనుష్యుడు అడవిపందిని వేటాడునట్లే టోమ్యా మనుష్యుని వేటాడును. ఒంటి వాసన యంతయు హరించిపోవుటయే మరణము. వారు పూసికొను తెల్లమన్ను, ఎర్రమన్ను కేవలము అలంకారము కాదు, వాసనను అదుపున ఉంచు సాధనము. అడవిలో ముందువాని అడుగులోనే వెనుకవాడు అడుగిడును. వాసనలు కలసిపోయినచో ఎవ్వరి జాడ ఏదియో టోమ్యాకు తెలియదు. ‘నేను’ అని తెలుపుటకు ఓంగీ ముక్కుకొనను తాకి చూపును. కుశలప్రశ్నయు ముక్కును గూర్చినదే.

గాలి దిక్కు మారుట యనగా వారికి టోమ్యాల రాకపోకలే. ఆ రాకపోకలను గమనించి ఓంగీలు అడవికిని తీరమునకును మకాము మార్చెడివారు. ఇరువురు వేటగాండ్రు ఒకే తావున పోటీపడరాదు. సంచారము ఆగినచో లోకక్రమమే చెడునని వారి భావన. మృతుని పాతిపెట్టి, కొంతకాలమునకు ఎముకలను వెలికితీసి, దవడ యెముక మున్నగువానిని బంధువులు ధరింతురు. ఈ సంస్కారము పొందినవాడు మేలుచేయు టోమ్యా యగును. పొందనివాడు కీడు చేయును.

మన ప్రేత పితృ భేదము ఇక్కడ స్ఫురింపక మానదు. కాని పోలికను అంతకు మించి సాగదీయరాదు. మన పితరులు వేరొక లోకమున నుండి తిథినాడు వత్తురు. ఓంగీల మృతులు ఆ ద్వీపముననే, ఆ గాలియందే బ్రదికియున్నవారితో కాపురముందురు.

ఈ విషయమును తెలిగించునపుడు నేను మొదట ‘దయ్యము’ అని వ్రాసి కొట్టివేసితిని. ఆ మాటలో భయమున్నది గాని పొత్తు లేదు. ‘ఆత్మ’ అన్నచో ఉపనిషత్తులు అడ్డువచ్చును. ‘దేవత’ అన్నచో పూజ తోచును. పరస్పరము వేటాడుచు, ఒకే తావును వంతులవారీగా పంచుకొను ఇరుగుపొరుగును తెలుపు మాట మనకు లేదు. కావున ‘టోమ్యా’ను ‘టోమ్యా’గానే ఉంచుట న్యాయమని నా యభిప్రాయము.

ఇది కేవలము అనువాదకుని చాదస్తము కాదు. 1901 జనగణనమున ఓంగీలు 672 మంది. 2011 నాటికి 101 మంది. వెలుపలినుండి వచ్చిన రోగములు, 1960 తరువాత వలసవచ్చిన జనావాసములు, అడవుల నరకుట వారి సంచారమును కుదించినవి. అయినను 2004 డిసెంబరు 26 నాటి సునామీలో వారు కడలి పోకడ నెరిగి ఎత్తైన తావునకు చేరి ప్రాణములు దక్కించుకొనిరి. వారి లోకజ్ఞానమును మూఢవిశ్వాసమని త్రోసివేయుట తగదు.

గిడుగు రామమూర్తిగారు సవరల మాటలను సవరల నోటనే నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. అది మన భాషలో పుట్టిన మర్యాద. ఓంగీలను గూర్చి తెలుగున వ్రాయువారు, వారి మాటకు మన మాటను తొడుగుటకు ముందు, ఆ మర్యాదను జ్ఞప్తియందు ఉంచుకొందురు గాక.