సముద్రంలో కలిసిన నీరు ఎక్కడికి పోతుంది?

జూలై ఆఖరు. ఇప్పుడిప్పుడే తెల్లవారింది. ధవళేశ్వరం బ్యారేజీ మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు మీరు. అరికాళ్ల కింద కాంక్రీటు సన్నగా అదురుతోంది. 175 గేట్లూ ఎత్తేశారు. ఎర్రగా, చిక్కగా ఉన్న గోదారి వాటి కింద నుంచి దూకి, సుళ్లు తిరిగి, నురగ కక్కుతోంది. ఎగిరొచ్చిన తుంపర ముఖాన్ని తడిపింది. పెదవి మీద మట్టి రుచి.

తలెత్తి చూడండి. ఆకాశం తేటగా ఉంది. రాజమండ్రిలో నిన్నా మొన్నా చినుకు పడలేదు. అయినా మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. నీటిమట్టం 11.75 అడుగులు, ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులు. అంటే సెకనుకు 2 కోట్ల 80 లక్షల లీటర్లకు పైమాటే.

వేళ్లతో సహా కొట్టుకొచ్చిన ఓ మాను గేటు కింద మునిగి, అవతల తేలింది. అది ఏ అడవిదో! గోదారి పుట్టింది నాసిక్ దగ్గర త్ర్యంబకంలోనే అయినా, ఈ వరదలో ఎక్కువ పాలు మధ్యలో కలిసిన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులది. విదర్భలో, బస్తర్‌లో కురిసిన వాన భద్రాచలం మెట్లను ముంచి, పాపికొండల మధ్య ఒదిగి ఇక్కడికొచ్చింది.

పక్కనున్న పెద్దాయన నిట్టూర్చాడు. “చూశారాండీ, ఎన్ని నీళ్లు వృథాగా సముద్రంలో కలిసిపోతున్నాయో!”

మీరూ తలూపారు. చిన్నప్పటి నుంచీ విన్న మాటే. ఈరోజు ఆ నీటి వెంట చివరిదాకా వెళ్లండి.

బ్యారేజీ దిగి కోనసీమలోకి వచ్చారు. రోడ్డు పక్కన కాలవ నిండుగా పారుతోంది. 1852లో ఇంజనీరు కాటన్ ఆనకట్ట పూర్తిచేసిన నాటి నుంచి గోదారి ఇలా ఊరూరికీ నడిచొస్తోంది. సార్వా నాట్లు పడుతున్నాయి. మోకాలి లోతు బురదలో ఆడవాళ్లు వంగి, నారు పరకలు గుచ్చుతూ వెనక్కి అడుగులేస్తున్నారు. చేలో నీరు వేర్ల గుండా పైకెక్కి, కంటికి కనపడని ఆకు రంధ్రాల నుంచి ఆవిరవుతోంది. మీ చొక్కాను వీపుకు అంటించిన ఈ ఉక్కలో చేల ఊపిరీ ఉంది, కొబ్బరితోటల ఊపిరీ ఉంది.

మధ్యాహ్నానికి అంతర్వేది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఇసుకలో నిలబడ్డారు. ఒకవైపు వశిష్ఠ గోదావరి ఎర్రగా, మరోవైపు సముద్రం పచ్చగా. రెండూ కలిసే చోట గీత స్పష్టంగా కనిపిస్తోంది. వల సర్దుకుంటున్న మత్స్యకారుడు అటే చూపిస్తూ అన్నాడు. “ఎర్రనీరు సంద్రంలోకి దిగితేనేనండీ పులస ఎదురెక్కేది. గోదారి రాకపోతే అదీ రాదండి.”

ఆయన మాటలో సగం జవాబు దొరికింది. మీరు నిలబడ్డ నేల కూడా ఈ ఎర్రనీరు మోసుకొచ్చిన మట్టితో ఏర్పడిందే. ఆ మట్టి ఎగువ జలాశయాల్లో ఆగిపోతున్న కొద్దీ తీరాన్ని సముద్రం కోసుకుపోతోంది. నది సన్నగిల్లిన వేసవిలో ఉప్పునీరు పాయల్లోకి ఎగదన్నుతుంది, బావులు ఉప్పగా మారతాయి.

మిగతా సగం కోసం గీత దాటి సముద్రంలోకి సాగండి. తీరం కనుమరుగైంది. చెయ్యి ముంచితే నీరు గోరువెచ్చగా తగిలింది. గోదారి, మహానది, ఐరావతి, అన్నిటికంటే ఎక్కువగా గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన మంచినీరు బంగాళాఖాతంలో, ముఖ్యంగా ఉత్తరాన, వాననీటితో కలిసి పాల మీద మీగడలా తేలుతోంది. ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి అది తొందరగా కిందికి కలవదు. గాలి ఎంత చిలికినా లోపలి చల్లనీరు పైకి రావడం కష్టం. అందుకే రుతుపవనాల గాలికి అరేబియా సముద్రం చల్లబడినా, బంగాళాఖాతం పైపొర 28 డిగ్రీలకు తగ్గకుండా నిలుస్తుంది. మబ్బుకు కావలసింది ఆ వెచ్చదనమే.

ఇప్పుడు ఆవిరితో పాటు పైకి లేవండి. 30 డిగ్రీల నీటిని మరిగే దాకా కాచడానికి ఎంత వేడి కావాలో, అదే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి దానికి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. ఆ వేడంతా ఆవిరిలో దాగి ఉంది. పైకెళ్లే కొద్దీ చలి. ఆవిరి సన్నటి బిందువులుగా మారుతూ దాచుకున్న వేడిని వదిలేసింది. వేడెక్కిన గాలి ఇంకా పైకి దూసుకెళ్లింది. కింద ఒత్తిడి తగ్గి, చుట్టుపక్కల తేమగాలి అక్కడికి పరుగెత్తింది. రేపు రేడియోలో చెబుతారు, వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని.

అది ఒడిశా తీరం దాటి పడమటి దారి పట్టింది. మీరూ దానితోనే ఉన్నారు. చుట్టూ చీకటి, ఉరుములు. లక్షలాది మేఘ బిందువులు కలిస్తేగాని ఒక చినుకు కాదు. ఆ చినుకులు బస్తర్ అడవుల మీద ధారకట్టాయి. ఇప్ప ఆకుల మీద నుంచి జారి, ఎర్రమట్టిని కరిగించుకుని, వాగై, ఇంద్రావతై పరుగు తీశాయి. ఆవిరైన ప్రతి బొట్టూ ఇక్కడే కురవాలని లేదు, గాలి దాన్ని ఎటైనా తీసుకుపోవచ్చు. కానీ గోదావరి ఎగువన వానలు తెచ్చే అల్పపీడనాలకు ఎక్కువగా పుట్టిల్లు బంగాళాఖాతమే. దాన్ని వెచ్చగా ఉంచడంలో నదుల చేయి ఉంది.

పొలానికీ ఊరికీ నీళ్లు కావాలి. ఆనకట్ట లేని కోనసీమను ఊహించలేం. అయితే సముద్రానికి చేరిన నీరు మట్టి పోసింది, ఉప్పును వెనక్కి నెట్టింది, చేపను పిలిచింది, మబ్బుకు వెచ్చదనం ఇచ్చింది. ఇన్ని పనులు చేసిన నీటిని వృథా అనడం అన్యాయం. పొలం వాటా, ఊరి వాటా రాసుకునే లెక్కల పుస్తకంలోనే సముద్రం వాటా కూడా రాసిపెట్టాలి. వచ్చే ఏటి వానకు మనం పెట్టే విత్తనం అది.