అమ్మువాని యానవాలు



సంతలో సరకు కొనువాడు మొదట సరకును చూచును. పిమ్మట అమ్మువాని మొగమును చూచును. వాని యూరు, ఇంటిపేరు, నడవడి తెలిసియుండుటచేతనే మన తాతలు కాగితము కలము లేకయే పెద్ద బేరములను నోటిమాటపై సాగించిరి. నేడు పోచంపల్లిలో నేసిన చీరను ఢిల్లీలోని యిల్లాలు ఫోనులో చూచి కొనుచున్నది. ఆమె నేతగాని నెరుగదు. నేతగా డామె నెరుగడు. నడుమ నిలిచిన ఆన్‌లైను అంగడివా రిరువురిని నెరుగరు. అందుచే వారు అమ్మువానిని "నీ వెవరవు? ఋజువేమి?" అని యడిగి పాన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరములు, ఫోను సంఖ్య, చిరునామా, సంతకము మున్నగునవి కోరుచున్నారు. ఇన్ని యేల యీయవలెను? ఇచ్చినవి యెవరి చేతులలోనికి పోవును? ఇంట ఊరగాయలు పెట్టి యమ్ముకొను స్త్రీలును, మగ్గమునే నమ్ముకొన్న సాలెలును పెద్దల నడుగుచున్న ప్రశ్న లివియే. ప్రశ్న పాతదే; కాలక్రమమున దానికి దొరకిన సమాధానములను నేడు మనవి చేసెదను.

గుజరాతు దేశమున లోథాల్ అను చోట సింధు నాగరికత నాటి రేవుపట్టణ మొకటి త్రవ్వకములలో బయల్పడినది. అందలి గిడ్డంగిలో ముద్ర లొత్తిన మట్టిబిళ్లలు దొరకినవి. బిళ్లకు ఒక వైపున ముద్ర, రెండవ వైపున సరకును కట్టిన చాప, త్రాడు మున్నగువాని యచ్చు కనబడును. అనగా నాలుగువేల యేండ్లకు పూర్వమే వర్తకుడు తన మూటపై తన గుర్తు వేసి పంపెడివాడు. ఆ లిపిని నేటికిని ఎవరును నిస్సంశయముగా చదువలేకున్నారు. కాని ఆ గుర్తు పని స్పష్టమే: ఈ మూట నా యొద్దనుండి వచ్చినది, దీని మంచిచెడ్డలకు నేను బాధ్యుడను.

కౌటిల్యుని అర్థశాస్త్రమునందు ఈ పద్ధతి రాజశాసనముగా మారినది. మైసూరులో ఆర్. శామశాస్త్రిగారు తాళపత్రములనుండి వెలికిదీసి 1909లో అచ్చు వేయించిన యా గ్రంథమున శుల్కాధ్యక్షుని ప్రకరణము కలదు. పురద్వారము చెంత సుంకపు కొలువులో లేఖరులు కూర్చుండి, వచ్చిన వర్తకు లెవరు, ఎచటినుండి వచ్చిరి, సరకెంత, ముద్ర యెచట వేయబడినది అను నాలుగు సంగతులను వ్రాసికొనవలెను. ముద్ర లేని సరకునకు సుంకము రెట్టింపు. దొంగముద్ర వేసినచో ఎనిమిది రెట్లు. ముద్రాధ్యక్షు డను వేరొక యధికారి మాషమాత్రము రుసుము గైకొని ప్రయాణపు ముద్ర లిచ్చెడివాడు. ఇట ఒక విశేషము గమనింపదగినది. లేఖరి యడిగినవి నాలుగే ప్రశ్నలు. వర్తకుని యింట నెందరున్నారు, వాని యప్పులెన్ని, వాని మ్రొక్కు లేవి యని యడుగలేదు. సుంకమునకును న్యాయమునకును కావలసినంత మాత్రమే యడిగిరి.

ధర్మశాస్త్రములలో వ్యవహారపదములు పదునెనిమిది. వానిలో అస్వామివిక్రయ మొకటి. తనది కాని సొత్తును అమ్ముట యని దీని యర్థము. యాజ్ఞవల్క్యస్మృతియు, దానికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరయు దీనిని విపులముగా చర్చించినవి. ఆ న్యాయమును తెలుగులో వినిపింప కేతన పదమూడవ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయమును రచించెను. దొంగసొత్తు కొన్నవాడు తనకు అమ్మినవానిని చూపగలిగినచో వానికి దోషము తొలగును. చూపలేక, చాటున, వేళ గాని వేళ, తగనివానినుండి, మిక్కిలి తక్కువ వెలకు కొన్నచో కొన్నవాడే దొంగగా నెంచబడును. కావున అమ్మువాని యానవాలు అడుగుట అతనిని అవమానించుట గాదు. కొన్న నిర్దోషిని కాపాడుటకే యది పుట్టినది. నేటి ఆన్‌లైను అంగడులు చెప్పు కారణమును మూలమున నిదియే.

అయితే ఆనవాలిచ్చినవానికి ప్రతిఫల మేమి? దీనికి మన తెలుగునేలయే గొప్ప యుత్తర మిచ్చినది. బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవునందు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45 ప్రాంతమున వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. అంతకు ముందు రాజులు, గాలివానకు ఓడ ఒడ్డున పడినచో అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలవంతముగా లాగికొనుచుండిరి. ప్రాణముకంటె ధనమే మిన్నయని సముద్రమును సాహసించి దాటువారియందు దయ తలచి తాము న్యాయమైన సుంకము దప్ప తక్కినదంతయు విడిచితిమని చక్రవర్తి ప్రకటించెను. సుంకము ముప్పదింట నొక వంతు. వర్తకుడు రేవున తన్నుతాను తెలుపుకొని సుంకము చెల్లించును; రాజు వాని సొత్తునకు పూచీ పడును. అడుగువానికి అభయ మిచ్చు బాధ్యతయు కలదను ధర్మమును ఆ శాసనము రాతిపై నిలిపినది.

ఆంగ్లేయుల పాలనలో ఆనవాలు శరీరము మీదికి వచ్చినది. 1858లో వంగదేశమున జంగీపురమునందు విలియం హెర్షెల్ అను నధికారి బాటకు కంకర సరఫరా చేయు నొక గుత్తదారుతో ఒడంబడిక వ్రాయించుకొని, దాని వెనుక అతని అరచేతిముద్ర వేయించెను. తరువాత "ఇది నా సంతకము గా"దని బొంకకుండ భయపెట్టుటయే దొర యుద్దేశము. లోకమున వ్రేలిముద్రల చరిత్రను వ్రాయువా రందరును దీనిని స్మరింతురు. ఆ ముద్ర వేసినవాడును సరకు అమ్మువాడే యని మనము మరువరాదు. 1877 ప్రాంతమున హుగ్లీలో అతడే పింఛనులకును దస్తావేజుల రిజిస్ట్రేషనునకును ఈ పద్ధతిని వాడెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. అందు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మనవారి గణితబుద్ధి పెక్కు విధముల తోడ్పడినది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమునకు 2001లో చేసిన సవరణచే ఆస్తి అమ్మువాడును కొనువాడును ఛాయాచిత్రమును, వ్రేలిముద్రలను దస్తావేజునకు జతపరుపవలసి యున్నది. కాని ఆ వ్రేలిముద్ర ఆ యొక్క కాగితమునకే కట్టుబడి సబ్‌రిజిస్ట్రారు కచేరిలో నుండును. నేటి చిక్కంతయు కాగితము కదలనారంభించుటచే వచ్చినది.

ఆన్‌లైను అంగడులలో మొదటివానిలో నొకటియైన ఈబే అమెరికాలో 1995 సెప్టెంబరులో వెలసినది. ఆదిలో అచట ఎవడును తన యసలుపేరు చెప్పనక్కరలేకుండెను. మారుపేరుతో అమ్మవచ్చును, కొన్నవారు వ్రాసిన మెప్పులు, నిందలు వాని పరువుగా నుండును. ఈ పద్ధతి 1996లో ఏర్పడినది. మన సంతలోని నోటిమాట పరువే అక్షరరూపము దాల్చినదన్నమాట. కాని పరువును మోసగాడును కొన్నాళ్లు కూడబెట్టగలడు. ఒక్కనాడు అమ్ముకొని పారిపోగలడు. దొంగసొత్తు, నకిలీ సరకు పెరుగగా అమెరికావారు ఇన్‌ఫార్మ్ అను చట్టము చేసిరి. అది 2023 జూను 27 నుండి అమలులోనికి వచ్చినది. ఏడాదిలో రెండువందల అమ్మకములును అయిదువేల డాలర్ల రాబడియు దాటిన విక్రేతనుండి బ్యాంకు ఖాతా, పన్నుసంఖ్య మున్నగువానిని అంగడివారు సేకరించి పరీక్షింపవలెను. ఇరువదివేల డాలర్లు దాటినవాని పేరు, చిరునామా కొనువారికి తెలుపవలెను. అయితే విక్రేతకు ఇల్లు దప్ప వేరు వ్యాపారస్థలము లేనిచో వీధి, ఇంటి నెంబరు వెల్లడింపక దేశము, రాష్ట్రము పేర్లు మాత్రము చూపుట చాలును. అధికారికి తెలియవలసినది వేరు, అంగడిలోని ప్రతివానికి తెలియవలసినది వేరు అను వివేక మా చట్టమున నున్నది.

మన దేశమున 2020 జూలైలో వినియోగదారుల రక్షణ చట్టము క్రింద వెలువడిన నియమములచే ఆన్‌లైను అంగడివారు విక్రేత వ్యాపారనామమును, చిరునామాను, ఫిర్యాదు చేయదగిన ఫోను సంఖ్యను చూపవలెను. కొనువానికిది మేలే. కాని ఇంటినే దుకాణము చేసికొన్న యొంటరి స్త్రీకి ఆ చిరునామా లోకమంతకును కనబడుట భయహేతువు. మరియొక సంగతి పెద్దలు చాలమంది గమనింపరు. 2017 జూలై 1న వచ్చిన జి.ఎస్.టి. సంఖ్యయందు పదునైదు అక్షరములు కలవు. మొదటి రెండును రాష్ట్రపు గుర్తు. తెలంగాణమునకు 36, ఆంధ్రప్రదేశమునకు 37. తరువాతి పదియు వ్యాపారి పాన్ సంఖ్యయే. కాబట్టి ఒంటరి వ్యాపారి బిల్లుపై జి.ఎస్.టి. సంఖ్య ముద్రించినంతనే వాని పాన్ సంఖ్య ప్రతి గిరాకికిని తెలిసిపోవును. దానిని దాచుట సాధ్యము గాదు. కావున పాన్ సంఖ్య నెరిగినంత మాత్రమున ఎవనిని నమ్మరాదు.

చిన్నవారికి కొంత వెసులుబాటు దొరకినది. 2023 అక్టోబరు 1 నుండి, జి.ఎస్.టి. పరిమితికి లోబడిన రాబడి గలిగి, స్వరాష్ట్రములోనే సరకు అమ్ముకొనువారు పూర్తి రిజిస్ట్రేషను లేకయే పాన్ ఆధారముగా నమోదు సంఖ్య పొంది ఆన్‌లైను అంగడిలో అమ్మవచ్చును. సరిహద్దు దాటి అమ్మినచో ఈ వెసులుబాటు లేదు.

గోప్యత యను మాటకు చట్టబల మిచ్చినది సుప్రీంకోర్టు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామిగారి వ్యాజ్యమున గోప్యత ప్రాథమికహక్కేయని యేకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను అడుగుట కవకాశమిచ్చిన చట్టభాగము చెల్లదనిరి. 2019 సవరణచే వ్యక్తి తన యిచ్ఛతో ఆధార్ చూపుకొనుటకు మార్గ మేర్పడినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై ప్రత్యేక చట్టము వచ్చినది. సమాచారము కోరువాడు ఎందులకు కోరుచున్నాడో తెలిపి సమ్మతి పొందవలెననియు, పని తీరిన పిమ్మట దానిని తుడిచివేయవలెననియు దాని సారము. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. అవి క్రమక్రమముగా అమలునకు రాగలవు. చట్టము వచ్చినదని నిద్రపోరాదు; మోటుపల్లి శాసనము వేసిన రాజునకును రేవునందు కావలివాండ్రు అవసరమే.

కాబట్టి మన యూరి చిన్న విక్రేతలకు పెద్దలు చెప్పదగిన మాటలు కొన్ని. పత్రముల నకళ్లను అంగడివారి యధికార స్థలమునందే యెక్కింపవలెను. ఫోను చేసినవానికి వాట్సాపులో పంపరాదు. నకలుపై "ఫలానా అంగడిలో నమోదుకొరకు" అని తేదీతో అడ్డముగా వ్రాసినచో అది మరియొక పనికి సులభముగా చెల్లదు. ఆధార్ చూపక తప్పనిచో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు రూపమును ప్రభుత్వస్థలమునుండి పొందవచ్చును. వ్యాపారమునకు వేరు ఫోను సంఖ్యయు, వేరు బ్యాంకు ఖాతాయు నుండుట మేలు. నేతసంఘమునకో, స్త్రీల పొదుపుసంఘమునకో నిజమైన కార్యస్థలమున్నచో, వారి సమ్మతిపత్రముతో దానిని వ్యాపార చిరునామాగా నమోదు చేసికొనిన యింటి గుట్టు నిలుచును. కొనువాడనని చెప్పి చదరపు చుక్కలగుర్తు పంపి, "దీనిని చూపి నీ రహస్యసంఖ్య నొత్తుము, ధనము వచ్చును" అనువాడు మోసగాడు. ధనము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య యెన్నడును అక్కరలేదు, చెల్లించుటకే కావలెను. మోసము జరిగినచో వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను. ఆలసించిన కొలది సొమ్ము దూరమగును.

అమ్మువాడు మొగము చూపుట ధర్మము. అది లేనిచో దొంగకును దొరకును భేదముండదు. కాని మొగము చూపుమన్నవాడు ఇల్లంతయు తెరువుమనుట ధర్మము గాదు. శుల్కశాల లేఖరి నాలుగు ప్రశ్నలతో సరిపెట్టుకొనెను. గణపతిదేవుడు సుంకముతోపాటు అభయమిచ్చెను. నేటి అంగడి యెంత పెద్దదైనను దానిని కొలువదగిన కొలత లీ రెండే: అడిగినది అవసరమైనంతేనా? అడిగినవాడు పూచీ పడుచున్నాడా? ఈ రెంటికిని ఔనను జవాబు వచ్చినచోట మన సాలెవాడు ధైర్యముగా తన పేరు చెప్పి తన చీర నమ్ముకొనును గాక.