రోగి మంచము ప్రక్క బడి

మన తిరువూరు చుట్టుపట్ల గ్రామముల నుండి ఏటేట కొందరు ఆడుపిల్లలు నర్సు చదువునకై విజయవాడకో గుంటూరునకో వెళ్లుచున్నారు. పొలము తాకట్టు పెట్టి పంపు తండ్రులును కలరు. ఫీజు ఎంతయని వారు అడుగుదురు, హాస్టలు ఎట్లున్నదని అడుగుదురు. ఆ పాఠశాలకు తోడుగా ఏ ఆసుపత్రి ఉన్నది, అందు రోగులెందరు అని అడుగువారు మాత్రము అరుదు. నర్సు విద్య చరిత్రలో చాల భాగము ఈ ప్రశ్న చుట్టునే తిరిగినది.

1860లో ఫ్లోరెన్సు నైటింగేల్ లండనులో నర్సుల పాఠశాలను స్థాపించినప్పుడు దానిని ఆసుపత్రికి దూరముగా కట్టలేదు. క్రిమియా యుద్ధములో ఆమె చేసిన సేవకు కృతజ్ఞతగా ప్రజలిచ్చిన నిధి ఆమె చేతిలో నుండెను. ఆ నిధి విద్యార్థినుల పోషణ భరించునట్లును, సెయింట్ థామస్ ఆసుపత్రి తన వార్డులను ఇచ్చునట్లును ఏర్పాటు జరిగెను. ఆసుపత్రి మేట్రనే వారి పైవిచారణ చూచెను. మంచి ఏర్పాటే. అయితే చిక్కు కూడ అందులోనే పుట్టెను. వార్డులో నిలుచున్న ఆ పిల్ల నేర్చుకొనుటకు వచ్చినదా, లేక జీతము లేని పనిమనిషియా? 1923లో అమెరికాలో వెలువడిన గోల్డ్‌మార్క్ నివేదిక, ఆసుపత్రులు పని గడుపుకొనుటకై విద్యార్థినుల చదువును బలిపెట్టుచున్నవని తేల్చెను.

మన దేశమున మద్రాసు ప్రభుత్వ ఆసుపత్రిలో 1871లో శిక్షణ ఆరంభమయ్యెను. తెలుగు నేలకు వచ్చినచో, 1883లో గుంటూరు చేరిన లూథరన్ మిషను డాక్టరమ్మ అన్నా కుగ్లరు గారు స్త్రీల కొరకు కట్టించిన ఆసుపత్రి 1898లో తెరువబడెను. ఇట్టి మిషను ఆసుపత్రులలో బడియు వార్డును ఒకే ఆవరణలో నుండెను. శస్త్రచికిత్స చేసిన డాక్టరమ్మయే పాఠమును చెప్పవలసి వచ్చెను. పరుల నెత్తురు కడుగుట నీచమని ఎంచు ఆ దినములలో ఆ పనికి ముందుకు వచ్చినవారిలో మాలపల్లె మాదిగపల్లెల క్రైస్తవ కుటుంబముల పిల్లలును, దిక్కులేని విధవరాండ్రును అనేకులు. మంచి సమరయుని గూర్చి మేము పదే పదే ప్రసంగించుదుము గాని, అతడు వెళ్లిపోయిన పిమ్మట ఆ గాయపడినవానిని చూచుకొన్న పూటకూళ్లవానిని తలంచుట తక్కువే.

చిన్న ఆసుపత్రులకు కొరతలు ఉండెను. ఒకచోట కాన్పులు విస్తారము, శస్త్రచికిత్సలు స్వల్పము. మరియొకచోట అది తారుమారు. ఎవరికి వారిచ్చు యోగ్యతాపత్రము ప్రహరీగోడ దాటిన తరువాత విలువ పోగొట్టుకొనెడిది. కావున ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో వేర్వేరు మిషనుల వారు కూడి ఒకే పాఠ్యక్రమమును, ఒకే పరీక్షను నిర్ణయించు బోర్డులను ఏర్పరచుకొనిరి. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడక మునుపే ఇది జరిగినది. ఒకే బల్ల యొద్ద ప్రభురాత్రి భోజనము తీసికొనలేకపోయిన సంఘముల వారు పరీక్ష బల్ల యొద్ద కలిసి కూర్చుండిరి! 1926లో మద్రాసు నర్సుల చట్టము, 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చెను. ఆ నడుమ 1946లో భోర్ కమిటీ లెక్క చూడగా దేశమంతటికి నర్సులు 7,000 మంది, అనగా 43,000 జనమునకు ఒక్కరు. ఆ యేడే వెల్లూరులోను ఢిల్లీలోను డిగ్రీ చదువు మొదలాయెను.

నేడు కొరత వేరు విధముగా నున్నది. ఒక విద్యార్థినికి ముగ్గురు రోగులైనను ఉండవలెనని కౌన్సిల్ నియమము. పాఠశాలలు పెరిగినంతగా మంచములు పెరుగలేదు. కొన్ని పాఠశాలలకు ఆసుపత్రి కాగితము మీదనే కలదు. వాటి పిల్లలందరు ఒకే పెద్దాసుపత్రికి పోవుదురు. అట్టి ఒక ఆసుపత్రిలో నేను మా సంఘపు వృద్ధురాలిని చూడబోతిని. నేను కూర్చున్న అరగంటలో నలుగురు పిల్లలు ఒకరి తరువాత ఒకరు వచ్చి ఆమె చేతికి బీపీ పట్టీ కట్టిరి. దగ్గర నిలిచి తప్పొప్పులు చెప్పుటకు ఉపాధ్యాయిని లేదు, వార్డు సిస్టరుకు తీరిక లేదు. నాలుగవ పిల్లతో ఆ ముసలమ్మ, "నువ్వు మెల్లగా కట్టావమ్మా, రేపు కూడా నువ్వే రా" అనెను.

మరునాడు ఆ పిల్లకు వేరొక వార్డు పడెను.